సూదక్క వాళ్లాయన

ఆసుపత్రి లాండ్రీలో చిరిగిన దుప్పట్లు కుట్టే ఆమెను అందరూ సూదక్క అనేవారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడేది కాదు. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే మూల, అదే కుట్టుమిషను. ఉతికి ఆరిన బట్టలు తోపుడు బండ్ల మీద ఆమె దగ్గరికి వచ్చేవి. చిరుగు చిన్నదైతే కుట్టేసేది, పెద్దదైతే మాసిక వేసేది, ఇక లాభం లేదనుకున్న దుప్పటిని కత్తిరించి దిండు గలీబులు చేసేది. ఇంట్లో ఒక్కతే. నాన్న మంచాన పడ్డ ఏడేళ్లలో వచ్చిన సంబంధాలను తనే వద్దంది. ఆయన పోయాక అడిగేవాళ్లు మానేశారు.

ఆ ఏడాది ఆసుపత్రి వార్షికోత్సవంలో తీసిన లక్కీ డ్రా సూదక్కకు తగిలింది. సముద్రం ఒడ్డునున్న ఊళ్లో ఐదు రోజుల విహారం, ఇద్దరికి. హోటలు గది, భోజనాలు, చుట్టుపక్కల తిప్పి చూపించడం అన్నీ అందులోనే. "నేనొస్తానే" అన్న చెల్లెలు తీరా రెండు రోజుల ముందు ఫోను చేసి, అత్తగారు మెట్ల మీద జారిపడ్డారనీ తను కదల్లేననీ చెప్పింది. సూదక్క ప్రయాణం మానుకుందామనుకుంది. లాండ్రీలో వాళ్లు మాననివ్వలేదు. "కూర్చున్న చోటికి వచ్చిన అదృష్టాన్ని కాలదన్నుకుంటావా అక్కా" అని పోరి పోరి బస్సెక్కించారు.

తొమ్మిది గంటల ప్రయాణం. హోటల్లో దిగేసరికి నడుం పట్టేసింది. కౌంటరు దగ్గర కుర్చీలో ఉన్నాయన కాగితం చూసి, ఆమె వెనక్కి చూసి, "సారు సామాను తెస్తున్నారా అమ్మా?" అని అడిగాడు.

లేదండీ, నేనొక్కదాన్నే అంటే సరిపోయేది. కానీ వెనక వరసలో నాలుగైదు జంటలు నిలబడి ఉన్నాయి. అందరి చూపూ తన వీపు మీదే ఉన్నట్టనిపించింది. "వెనకాల వస్తున్నారండీ" అనేసింది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు.

గదిలో ఇద్దరు పడుకునే మంచం, రెండు తువ్వాళ్లు, రెండు గ్లాసులు, రెండు జతల చెప్పులు. కిటికీ తెరిస్తే సముద్రం. సూదక్క ముందు దుప్పటి అంచు తిప్పి కుట్టు చూసింది. దగ్గర కుట్టు, మంచి దారం. తర్వాతే సముద్రాన్ని చూసింది. అది ఆమె ఊహించినంత నీలంగా లేదు గాని, ఊహించినదానికంటే చాలా పెద్దగా ఉంది. పక్కన ఎవరో ఒకరు ఉంటే "అబ్బో" అనేది. ఎవరూ లేరు కనక అనలేదు.

తెల్లారి లేచి చూసుకుంటే మంచంలో సగం ఇస్త్రీ మడత చెదరకుండా ఉంది. కాసేపట్లో గదులు సర్దే మనిషి వస్తుంది. పడుకున్న దుప్పటికీ పడుకోని దుప్పటికీ తేడా ఏమిటో సూదక్కకు ఒకరు చెప్పాలా? రెండో వైపు దుప్పటిని చేత్తో బాగా నలిపింది. దిండు మీద మోచెయ్యి ఆనించి గుంట చేసింది. రెండో తువ్వాలు తడిపి కుర్చీ మీద ఆరేసింది. రెండో గ్లాసులో నీళ్లు పోసుకుని సగం తాగి వదిలేసింది. ఇంత చేశాక తనమీద తనకే నవ్వొచ్చింది, కాస్త భయం కూడా వేసింది.

కింద టిఫిను బల్ల దగ్గర ఎదురు కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుంది. రిటైరైన పోస్టుమాస్టరుగారి భార్య. అరవై దాటి ఉంటాయి, మాట గలగలమంటుంది. పక్కన పోస్టుమాస్టరుగారు పేపరు అడ్డం పెట్టుకుని గుడ్డు తింటున్నారు.

"మీవారు దిగలేదే?" అందావిడ.

"ఆయనకి కొంచెం నలతగా ఉందండీ. బస్సు పడలేదు."

"అయ్యో పాపం. వేడిగా సూపేదైనా పంపించమందామా?"

"వద్దండీ. పడుకుంటే అదే సర్దుకుంటుంది."

అలా ఆయన గదిలో పడుకుండిపోయాడు.

మొదటి రోజు లైట్‌హౌస్ ఎక్కించారు. రెండు వందల పన్నెండు మెట్లు. పైన గాలి చెంప మీద కొట్టినట్టు వీచింది. జంటలన్నీ ఒకరి ఫొటో ఒకరు తీసుకున్నాయి. సూదక్క చేతికి ఫోను ఇచ్చి తమ ఇద్దరినీ కలిపి తీయమన్నవాళ్లు ఆరుగురు. తిరిగి ఆమెను తీస్తామన్నవాళ్లు లేరు. రెండో రోజు చెరువులా కదలకుండా ఉన్న సముద్రపు పాయలో తొక్కుడు పడవలు. పడవకు ఇద్దరు ఉండాలి, ఒక్కరెక్కితే ఒరిగిపోతుందని పడవలాయన ఖండితంగా చెప్పాడు. "మీరెలాగూ ఎక్కడం లేదుగా, కాస్త ఇవి చూస్తుంటారా" అని ఒకావిడ సంచీ ఒళ్లో పెట్టింది. అది చూసి మిగతావాళ్లూ పెట్టారు. గంటన్నర సేపు సూదక్క పదకొండు సంచులకు కాపలా కాసింది.

సాయంత్రం గదికి వచ్చి తలుపేసుకుని, "పదకొండు సంచులండీ, నమ్ముతారా" అని పైకే అంది.

ఎవరితో అందో తనకే తెలీలేదు. అన్నాక మాత్రం ప్రాణానికి హాయిగా ఉంది. మంచం అంచున కూర్చుని లైట్‌హౌస్ గాలి సంగతీ, పడవలాయన మీసం సంగతీ చెప్పింది. ఒళ్లంతా చెవులు చేసుకుని వింటున్నట్టే ఉన్నాడు ఆయన. మూడో రోజుకల్లా ఆయనకు ఒక తీరు ఏర్పడింది. సన్నటి మనిషి, కళ్లద్దాలు, ఎత్తులంటే భయం, పక్షులంటే ప్రాణం. కారం తినడు. బజారుకు వెళ్తే తెమ్మన్నది మర్చిపోయి తేవద్దన్నది తెస్తాడు. తెచ్చాక తప్పు చేసినవాడిలా గుమ్మంలో నిలబడతాడు. పోస్టుమాస్టరుగారి భార్య అడగడమూ సూదక్క చెప్పడమూ. చెప్పిన ప్రతిదీ ఆయనకు ఒక వేలో, ఒక చెవో అయి అతుక్కోవడమూ.

మూడో రోజు ఇసుక తిన్నెల మీద నడకకు తీసుకెళ్లారు. పోస్టుమాస్టరుగారు అలవాటుగా నలభై అడుగులు ముందు నడుస్తున్నారు. ఆయన భార్య సూదక్క చెయ్యి పట్టుకుని మెల్లిగా నడుస్తోంది. అప్పటికి ఆవిడ పిలుపులో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"ఒకటి చెప్పనా? మా ఆయన ముప్పై ఆరేళ్లు ఊరందరి ఉత్తరాలూ చేరేశారు. ఇంట్లో నాకు మాత్రం ఒక్క మాట చేరదు."

సూదక్క నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయింది.

"నిజం. పెళ్లయిన కొత్తలో సిగ్గనుకున్నాను. తర్వాత పని ఒత్తిడి అనుకున్నాను. రిటైరయ్యాక తెలిసింది, నాతో చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదని. ఈ మాట మా అమ్మాయితో కూడా అనలేదు." కొంచెం దూరం నడిచాక మళ్లీ అంది. "మీ ఆయన మాట్లాడతారా?"

"ఎక్కువ మాట్లాడరండీ. కానీ వింటారు. నేను చెబుతుంటే మధ్యలో అడ్డు రారు."

"అదృష్టవంతురాలివమ్మా" అందావిడ. 

నాలుగో రోజు కార్యక్రమం రాతిదిబ్బకు నడక. ఒడ్డు నుంచి రెండు వందల గజాల దూరంలో సముద్రంలో నిలబడ్డ చిన్న గుట్ట అది. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి తగ్గి మధ్యలో ఇసుక దారి తేలుతుంది. పోటు మొదలైతే గంటలో ఆ దారి మునిగిపోతుంది. పన్నెండు కొట్టేలోగా అందరూ ఇవతలికి వచ్చెయ్యాలని గైడు మూడుసార్లు చెప్పాడు.

టిఫిను దగ్గర పోస్టుమాస్టరుగారి భార్య పట్టు పట్టింది. "నాలుగు రోజులుగా గదిలో మగ్గబెట్టావు మనిషిని. పద, నేనొచ్చి పిలుస్తాను. పెద్దదాన్ని, నా మాట కాదనరు." అంటూనే కుర్చీలోంచి లేచింది.

సూదక్క గబుక్కున ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆయన గదిలో లేరండీ. పొద్దున దారి తేలగానే రాతిదిబ్బకి వెళ్లారు. అక్కడ పక్షులుంటాయని ఎవరో చెప్పారట."

"అలా చెప్పవే మరి. అయితే ఇవాళ అక్కడే పట్టుకుందాం మీ ఆయన్ని."

దిబ్బ మీద గంటన్నర తిరిగారు. గవ్వలు, పీతలు, రాళ్ల సందుల్లో నిలిచిన నీళ్లు, ఆ నీళ్లలో వేలెడంత చేపలు. పెద్దావిడ కళ్లు మాత్రం మనిషి కోసమే వెతుకుతున్నాయి. అడిగినప్పుడల్లా సూదక్క "అవతలి వైపు ఉంటారండీ" అంది. అవతలి వైపు నిటారు రాళ్లు, ఎవరూ వెళ్లరు. ఇక వెనక్కి వెళ్లాక, ఆయన ముందే హోటలుకి వెళ్లిపోయారని చెప్పేస్తే గొడవ వదులుతుందనుకుంది. రేపొక్కరోజు గడిస్తే ఎవరి దారి వారిది.

అందరూ ఒడ్డుకు చేరారు. గైడు తలలు లెక్కపెట్టాడు. ఇరవై మూడు, సరిపోయింది. అప్పటికే ఇసుక దారి మధ్యలో రెండు వైపుల నీళ్లూ కలుస్తున్నాయి.

"సరిపోవడమేమిటి బాబూ, ఇంకొకాయన అటే ఉన్నారు" అంది పోస్టుమాస్టరుగారి భార్య. "వీళ్లాయన. పొద్దున్నే వెళ్లారు. వెనక్కి రావడం నేను చూళ్లేదు."

గైడు మొహంలో రక్తం లేదు. సూదక్కకేసి తిరిగి, "నిజమేనా అమ్మా?" అన్నాడు.

నోరు తెరిచింది. మాట రాలేదు.  అందరూ చూస్తున్నారు. ఆ మౌనాన్ని వాళ్లు అవుననే అనుకున్నారు. ఒడ్డున గుడిసెలో ఉన్న లైఫ్‌గార్డును గైడు కేకేశాడు. నలభై ఐదేళ్ల మనిషి, కొంచెం పొట్ట ఉన్నవాడు. ఏమీ అడగలేదు. మునిగేవాళ్లకు ఆసరాగా ఇచ్చే ఎర్రటి తేలుడు బుర్ర ఒకటి తాడుతో భుజాన తగిలించుకుని పరిగెత్తుకుంటూ నీళ్లలో దిగాడు. మోకాళ్ల దాకా, నడుం దాకా, ఆ తర్వాత ఈత.

చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని లోపల ఎవరో గుండెల మీద కొడుతున్నారు. ఆ తర్వాత ఎన్నిసార్లు లెక్కేసుకున్నా ఆ మౌనం మూడు నిమిషాలకు తగ్గలేదు. అతను దిబ్బ అంచు పట్టుకుని రాళ్లెక్కి అవతలి వైపుకు మాయమయ్యాక గాని ఆమెకు గొంతు పెగల్లేదు.

"ఆయన లేరండీ" అంది.

ఎవరో ఆమె భుజం పట్టుకున్నారు. "అంత మాట అనకండమ్మా. దొరుకుతారు. ధైర్యంగా ఉండండి."

"కాదండీ, ఆయన లేరు."

"ఊరుకోమ్మా, ఊరుకో" అంటూ పోస్టుమాస్టరుగారి భార్య ఆమెను గుండెకు హత్తుకుంది. ఆవిడ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. "నీలాంటిదానికి అన్యాయం జరగదు."

సూదక్క ఆ చేతుల్ని విడిపించుకుని వెనక్కి జరిగింది. "అసలే లేరండీ. పోవడం కాదు, లేనే లేరు. నాకు పెళ్లి కాలేదు. నేనొక్కదాన్నే వచ్చాను. అతన్ని వెనక్కి పిలవండి."

 గైడే ముందు తేరుకుని ఈల ఊదాడు, జెండా ఊపాడు. గాలి ఎదురుగా ఉంది. దిబ్బ అవతలి మనిషికి ఏమీ వినబడదు. పెద్ద అల ఒకటి రాళ్ల మీదుగా లేచి పడింది. ఎర్రటి తేలుడు బుర్ర ఒక్కటే తాడు తెగి ఇవతలికి కొట్టుకొచ్చింది. ఒకావిడ కెవ్వుమంది. సూదక్క ఇసుకలో కూలబడింది. రేవు నుంచి మోటారు పడవ వెళ్లి, రాతికి కరుచుకుని ఉన్న అతన్ని ఎక్కించుకుని వచ్చేదాకా ఆమె అలాగే ఉంది.

అతని కాలు మోకాలి కింద నుంచి మడమ దాకా చీరుకుపోయింది. ఒడ్డునున్న ప్రథమ చికిత్స గదిలో నర్సు కుట్లు వేస్తుంటే సూదక్క గుమ్మంలో నిలబడింది. రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. పదకొండు కుట్లు. ప్రతి కుట్టూ ఆమె లెక్కపెట్టింది.

"అయితే అటు ఎవరూ లేరన్నమాట" అన్నాడతను.

"లేరండీ."

అతను తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. "రాళ్ల మధ్య నీలం గుడ్డొకటి కనబడింది. చొక్కా అనుకున్నా. దానికోసం రెండుసార్లు మునిగాను. చేతికి అందలేదు. వెనక్కొచ్చి మీకేం చెప్పాలా అని, అదే ఆలోచిస్తున్నా రాయి పట్టుకుని."

సూదక్కకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టే అర్హత కూడా లేదనిపించింది. "తప్పయిపోయిందండీ."

"తప్పే. కాదని నేను అనను. నాకూ ఇంట్లో ఎదురుచూసేవాళ్లున్నారు." నర్సు సూది దింపితే పళ్లు బిగించి, కాసేపాగి అన్నాడు. "కానీ మనిషి పోయాడని చెప్పడం కంటే మనిషి లేడని వినడం వెయ్యి రెట్లు నయం. ఇక వెళ్లండి. నిలబడ్డ కొద్దీ మీకే కష్టం."

ఆ సాయంత్రం భోజనం బల్ల దగ్గర ఆమె పక్క కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.   పోస్టుమాస్టరుగారి భార్య వెళ్తూ వెళ్తూ ఆమె బల్ల దగ్గర ఆగింది.

"నేను నీతో చెప్పుకున్నవన్నీ నిజాలు" అంది. వెళ్లిపోయింది.

కాలికి కుట్లు పడ్డాయి గాని, తన అబద్ధం ఆవిడకి చేసిన గాయానికి ఎక్కడ కుట్టెయ్యాలో సూదక్కకు తెలియలేదు.

గదిలో తువ్వాళ్లు మార్చే ఆవిడ పని ముగించుకుని వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది. హోటలంతా విషయం పాకిపోయి ఉంటుంది.

"నాకు మొదటి రోజే తెలుసమ్మా" అంది.

"ఎలా?"

"చేత్తో నలిపిన దుప్పటికి నడిమధ్యన పల్లం ఉండదు. దిండు మీద వెంట్రుకైనా లేదు."

ఇంత సిగ్గులోనూ సూదక్కకు చిన్న చురుకు తగిలింది. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు, వెంట్రుక సంగతి తట్టలేదు. "మరి ఎవరికీ చెప్పలేదేం?"

"నా పని గదులు సర్దడం. ఇలా వచ్చేవాళ్లు మీరొక్కరే అనుకుంటున్నారా?" తలుపు మెల్లిగా దగ్గరకు వేసి ఆవిడ వెళ్లిపోయింది.

చివరి రోజు పొద్దున కొండ చరియ మీది కాలిబాటకు నడక. బస్సు మధ్యాహ్నం రెండింటికి. సూదక్క వెళ్లకూడదనే అనుకుంది. కానీ ఆ గదిలో ఉండలేకపోయింది. దుప్పటి నలపలేదు, రెండో గ్లాసు ముట్టుకోలేదు. తలుపు తాళం వేస్తూ అలవాటుగా లోపలికి ఏదో చెప్పబోయి ఆగింది.

అందరికంటే వెనక, ఇరవై అడుగుల దూరంలో నడిచింది. బాట పైకి వెళ్లిన కొద్దీ సముద్రం వెడల్పవుతోంది. దూరంగా రాతిదిబ్బ, నీళ్ల మధ్య ఒంటరిగా, దారీ తెన్నూ లేకుండా. దాని మీద తెల్లటి పక్షులు వందల కొద్దీ లేస్తున్నాయి, వాలుతున్నాయి. ఆయన చూస్తే ఎంత సంబరపడేవాడో అనుకుంది. అనుకోగానే కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది.

దారి పక్క బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. అప్పుడు పది మంది వచ్చారు, పనులున్నాయి, ఏడవడానికి తీరిక దొరకలేదు. మొగుడు పోయినవాళ్లకు ఓదార్చేవాళ్లుంటారు. లేని మొగుడు పోతే ఎవరితో చెప్పుకోవాలి? నాలుగు రోజులే అయినా ఆయన ఆమె మాట విన్నాడు. నిన్న పన్నెండు గంటలకు అందరి ముందూ తన నోటితోనే ఆయన్ని లేకుండా చేసింది.

కాసేపటికి ఎవరో ఆయాసపడుతూ వచ్చి బెంచీ రెండో చివర కూర్చున్నారు. పోస్టుమాస్టరుగారి భార్య. ఆయన ఎప్పటిలాగే ముందు వెళ్లిపోయినట్టున్నారు. ఆవిడ ఇటు చూడలేదు. సూదక్క మొహం తుడుచుకుంది. చాలాసేపు ఇద్దరూ సముద్రాన్నే చూశారు.

"పేరేం పెట్టావు?" అంది ఆవిడ, చూపు తిప్పకుండానే.

"ఎవరికండీ?"

"ఇంకెవరికి. ఆయనకి."

"పేరేమీ పెట్టలేదండీ."

"మరి ఏమని పిలిచేదానివి?"

సూదక్క తల దించుకుంది. "ఏమండీ అనేదాన్ని."

పోస్టుమాస్టరుగారి భార్య పెదవులు కదిలాయి. అది నవ్వో, ఇంకేదో తెలియలేదు. "నేనూ అంతే. నలభై రెండేళ్లుగా ఏమండీ, ఏమండీ అంటూనే ఉన్నాను." బాట మలుపులో చిన్నగా కనబడుతున్న పోస్టుమాస్టరుగారి వీపు కేసి చూసింది. "నీ ఆయనే నయం. పలికాడు."

"నా మీద కోపం పోయిందా అండీ?"

"పోలేదు. పోతుందో లేదో కూడా తెలీదు. కాళ్లు నొప్పులు, అందుకని కూర్చున్నాను."

 కింద అలలు రాళ్లను కొట్టి వెనక్కి వెళ్తున్నాయి. ఆవిడ లేచేటప్పుడు మోకాళ్లు పట్టేశాయి. సూదక్క చెయ్యి అందించింది. ఆవిడ పట్టుకుని లేచి, వదిలేసి, ముందు నడిచింది.

రెండింటికి బస్సులు వచ్చాయి. ఇద్దరివీ వేరు వేరు దారులు. ఎవరి ఫోను నంబరూ ఎవరూ అడగలేదు.